ప్రభువు చూసే దిక్కు

ఓట్మార్ బతికున్నన్నాళ్ళూ ఆ చెక్క ప్రభువు ఒంటిమీద అఫ్రా చెయ్యి వెయ్యలేదు. అది మగవాళ్ళ పని. చర్చి నేల ఊడవడం, బలిపీఠం మీది గుడ్డలు ఉతికి గంజి పెట్టడం, రాలిన మైనం గోటితో గీకడం ఆడవాళ్ళవంతు. గంట కొట్టేదీ, అటక ఎక్కేదీ, ఏసు పరలోకానికెక్కిన ఆరోహణ పండగనాడు బొమ్మ ప్రభువుని తాడుతో కప్పులోకి లాగేదీ మగవాళ్ళు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారంటే ఓబర్‌మోస్ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. పెట్టినవాడు నేల ఊడ్చినవాడు మాత్రం అయుండడు.

చలికాలంలో ఓట్మార్ ఛాతీ జబ్బుతో పోయాడు. చెప్పులు కుట్టే బల్లనీ, చర్చి తాళాలనీ భార్యకి వదిలిపోయాడు. "పండగ అయ్యేదాకా తాళాలు నీ దగ్గరే ఉండనీ అఫ్రా. తరవాత సంఘం కూర్చుని ఆలోచిస్తుంది" అన్నారు ఫాదర్ ఎమ్మెరం. సంఘం అంటే కొందరు రైతులు. ఆ కొందరూ కలిసి ఓట్మార్‌కి అన్న అయిన హాస్లింగర్ క్విరిన్ ఏమంటే అదే అంటారు. చర్చి గోడకి ఆనుకుని ఉన్న ఇల్లు తాళాలతో వచ్చిన ఇల్లు. తాళాలు పోతే ఇల్లూ పోతుంది. ఆ సంగతి అఫ్రాకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ సోమవారం పొద్దున ఆమె బలిపీఠం వెనకున్న బీరువా తెరిచి ప్రభువుని బయటికి తీసింది. మనిషిలో సగం ఎత్తు ఉంటాడు. తెల్లని అంగీ, బంగారు అంచు, నడినెత్తిన కొక్కేనికి ఇనప కడియం. కుడిచెయ్యి పైకెత్తి దీవిస్తుంటాడు. ముఖం తుడిచింది, పాదాలు తుడిచింది. ఎత్తిన చేతి కింద అంగీ మడతలో గుడ్డ దూర్చి దుమ్ము లాగుతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది.

చిన్న ఇనప కన్ను, దారం దూర్చే రింగు లాంటిది. చెక్కలోకి మరబిగించి, అంగీ రంగే పూసి ఉంది. అందులో తెగిన దారం ముక్క ఇరుక్కుని ఉంది. గోళ్ళతో పట్టి లాగింది. నల్లగా, బిరుసుగా ఉంది. వాసన చూసింది. తారు, తేనెమైనం.

ఆ వాసనలోనే ఆమె కాపురం గడిచింది. ఓట్మార్ నాలుగు పోగులు కలిపి, తొడమీద వేసి, అరచేత్తో దొర్లించి పేనేవాడు. బయట కొన్న దారం ముట్టేవాడు కాదు. ఇది అతని చేతి దారమే. ప్రభువు చెయ్యి ఎప్పుడో ఊడితే కట్టాడేమో అనుకుంది. చేతిని అటూ ఇటూ కదిపి చూసింది. రాయిలా గట్టిగా ఉంది. దారం ముక్క ఏప్రాన్ జేబులో వేసుకుని గంట కొట్టడానికి వెళ్ళింది, ఊరేగింపుకి వేళయింది.

పండగకి ముందు మూడురోజులూ ఊరంతా పొలాల వెంట ప్రార్థన చేసుకుంటూ తిరుగుతుంది. సోమవారం పడమటి పొలాలు. ముందు సిలువ, వెనక జెండాలు, ఆ వెనక ఫాదర్, ఆయన వెనక దీవించిన నీళ్ళ బకెట్‌తో అఫ్రా. కొంతదూరం పోయాక బకెట్ తేలికయింది. చూస్తే తమ్ముడు వెన్డెలిన్ ఇంకో వైపు పట్టుకున్నాడు. వెన్నశాలలో పనివాడు, ఎప్పుడూ విరిగిన పాల వాసన వేస్తాడు. ఊరేగింపులోనైనా చర్చిలోనైనా అందరికంటే వెనకే ఉంటాడు. చర్చిలో అతనికి కూర్చోడానికి బల్ల లేదు. పొలమున్న ఇంటికే బల్ల, వాళ్ళ పుట్టింటి మోజర్ వాళ్ళ బల్ల పొలంతోపాటే పోయింది.

"చెయ్యి నొప్పెడుతుందక్కా, ఇటివ్వు" అన్నాడు. ఇద్దరూ ఆ మాట తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. వాళ్ళు మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది.

పడమటి గట్టు దగ్గర సరిహద్దు రాయి ఉంది. అక్కడికొచ్చేసరికి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ మాట ఎత్తకుండా ఉండరు. ఈసారి నోట్‌బుర్గా పెద్దమ్మ ఎత్తింది.

"ఈ రాయి జరిపే కదే మీ నాన్న ప్రభువు కంట్లో పడ్డాడు. నిప్పులేనిదే పొగరాదు."

"పోయినవాడి ఊసు ఎందుకు పెద్దమ్మా" అన్నాడు వెన్డెలిన్.

"నేనేం కొత్తగా అన్నానా. ఆ ఏడు ప్రభువు పడమటికి చూస్తూ పైకి పోలేదూ? వరసగా రెండేళ్ళు వడగళ్ళు పడలేదూ? మీ గట్టు మీదే పడ్డాయి. మా మీద చినుకు లేదు."

అఫ్రా ఎప్పటిలాగే తల వంచుకుంది. ఆరోహణనాడు ప్రభువు చర్చి కప్పులోని కన్నంలోంచి పైకి పోతూ ఆఖరిసారి ఏ దిక్కు చూస్తే, ఆ వేసవిలో వడగళ్ళు ఆ దిక్కు నుంచి వస్తాయి. ఊరికి అది పంచాంగం కంటే గట్టి మాట. ఆ దిక్కున పొలమున్నవాడు ఏదో చేసే ఉంటాడు, లేకపోతే ప్రభువు ఊరికే ఎందుకు చూస్తాడు? ఆ ఏడు తండ్రి మోజర్ లాంబెర్ట్‌కి హాస్లింగర్ వాళ్ళతో సరిహద్దు తగాదా నడుస్తోంది. ప్రభువు తీర్పు చెప్పేశాడన్నారు. కోతకి ఎవరూ ఎడ్లు అరువివ్వలేదు. ఆడవాళ్ళు అమ్మ దగ్గర గుడ్లు కొనడం మానేశారు. ఆఖరికి పొలం హాస్లింగర్ వాళ్ళ చేతికి పోయింది. అఫ్రా కూడా ఊళ్ళోదే కదా, ఆమే నమ్మింది. తండ్రి గడప తొక్కడం మానేసింది. ప్రభువు మొహం తిప్పిన ఇంటికి ప్రభువు తాళాలు మోసేవాడి పెళ్ళాం ఎలా పోతుంది?

జేబులో దారం ముక్క చేతికి తగిలింది. ఒక్క అడుగు తడబడితే బకెట్లో నీళ్ళు ఒలికి వెన్డెలిన్ బూట్లు తడిశాయి.

మధ్యాహ్నం అటక ఎక్కింది. కొత్తగా కట్టుబాటు తప్పుతున్నానన్న భయం మెట్ల సగం దాకా ఉంది, ఆ తరవాత మోకాళ్ళ నొప్పి తప్ప ఏం గుర్తులేదు.

కింద నుంచి చూస్తే ఆ కప్పు స్వర్గం. మూడొందలేళ్ళ కిందటి యుద్ధంలో స్వీడన్ సైనికులు పాత చర్చిని తగలబెట్టిపోయాక, ఊరు మళ్ళీ నాలుగు గింజలు చూశాక, తాతముత్తాతలు దేశం తిరిగే సున్నం పనివాళ్ళని పిలిచి కట్టించిన చర్చి అది. కప్పు నిండా మబ్బులు, మబ్బుల అంచున కూర్చుని సున్నం దేవదూతలు బొమ్మలోంచి కాళ్ళు కిందికి వేలాడేసి ఊపుతుంటారు. నాలుగు మూలలా నాలుగు గాలులు బుగ్గలు పూరించి ఊదుతుంటాయి. పడమటి గాలి ముఖం ఆనాటి మిల్లువాడిదట. రంగులవాడికి పిండి తక్కువ తూచాడని అతని మొహమే వేసిపెట్టాడట. పై నుంచి చూస్తే ఏముంది? రెల్లు, మేకులు, ఎండిన సున్నం ముద్దలు. దేవదూతల కాళ్ళు ఇనప తీగెలతో దూలానికి కట్టి ఉన్నాయి.

మధ్యలో చెక్కమూత, దాని పక్కన తాడు చుట్టిన చక్రం. చక్రానికి కొవ్వు రాద్దామని వంగింది. కన్నానికి నాలుగు వైపులా దూలాలు. నాలుగింటి అంచులకీ సన్నని గాట్లున్నాయి. వేలు పెట్టి చూసింది. తాడు రాసుకుంటే పడే గాట్లు కావు. సన్నదారం లాగితే పడేవి. పడమటి దూలం మీది గాటు అన్నిటికంటే లోతుగా ఉంది, నల్లగా తారు అంటుకుని ఉంది. దూలం సందులో చెక్క కండె, కండె నిండా నల్లదారం.

అఫ్రా అక్కడే సున్నం ముద్దల మధ్య కూర్చుండిపోయింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమైనదాన్ని మింగడానికే సేపు పట్టింది. ప్రభువు ఒంటితాడు మీద వేలాడుతూ పైకొస్తాడు, తిరుగుతూ వస్తాడు. చేతికి కట్టిన దారం పడమటి నుంచి లాగితే పడమటికి చూస్తాడు. కింద నుంచి ఆ నల్లదారం ఎవరికి కనబడుతుంది?

నాన్న పోయిననాడు గంట కొట్టింది ఓట్మారే. తొట్రుపాటు లేకుండా చక్కగా కొట్టాడని ఆ రాత్రి ఆమె మెచ్చుకుంది కూడా. అతను చారులో రొట్టె ముంచుకుని తింటూ తల ఊపాడు.

మంగళవారం ఊరేగింపు దక్షిణానికి పోయి వచ్చింది. ఆమె ఏ పనీ చెయ్యక, ఏడవనూ ఏడవక, ఓట్మార్ పని బల్ల ముందు ఊరికే కూర్చుని ఉంది. క్విరిన్ తలుపు కొట్టకుండా వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పెద్దమనిషి, నెమ్మదైన గొంతు. ఆ గొంతు పైకెత్తగా ఎవరూ వినలేదు. ఎత్తాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

అఫ్రా దారం ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"ఓ, దొరికిందన్నమాట" అన్నాడు క్విరిన్. "మంచిదే. నేనే చెబుదామని వచ్చాను, సగం పని తప్పించావు."

"ఏమిటిది బావగారూ?"

"తెలిసే అడుగుతున్నావు. పండగనాడు కింద నువ్వు కొక్కెం తగిలిస్తావు కదా, అప్పుడే ఆ కంటికి దారం ముడెయ్యాలి. పైన నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళూ ఓట్మార్ చేసింది అదే."

"మా నాన్న మీద నింద పడిన ఏడు కూడానా?"

"మీ నాన్నతోనే మొదలు." రేటు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మాయ్, ఈ ఊరికి వడగళ్ళు ఎలాగూ పడమటి నుంచే వస్తాయి. కొండలు అటున్నాయి. మబ్బుని మేము తేలేదు. రాబోయేదాన్ని ప్రభువు ముందే చెప్పినట్టు చేశాం. అందులో తప్పేముంది?"

"ఆ రాయి ఎవరు జరిపారు?"

"రాయి ఉన్నచోట ఉంది. దాని గొడవ ఇప్పుడెందుకు?" టోపీ అంచు మీది గడ్డిపరక తీసి కింద పడేశాడు. "రెండో కొడుక్కి పొలం రాదని నీకు తెలుసు. చెప్పులు కుట్టుకుని అద్దెగదిలో పడుండేవాడు. గోడలన్నీ చెమ్మ. చలికాలం రాత్రిళ్ళు నువ్వు కూర్చుని ఏడ్చేదానివట కదా. వాడే చెప్పాడు. నాతో అన్నాడు, అన్నయ్యా, దానికి ఒక పొడి ఇల్లు కావాలి, అంతే, అన్నాడు. ఈ కొలువు ఇప్పించాను. వాడు నాకొక ముడి వేసిపెట్టాడు."

అఫ్రా గోడవైపు చూసింది. పొడిగోడ. ప్రతి వసంతానికీ తనే సున్నం కొట్టుకుంటుంది.

"ఈసారి ఉత్తరం" అన్నాడు క్విరిన్. "ఆ పిష్టెల్ విధవ. యుద్ధం అయ్యాక బొహీమియా నుంచి తరిమితే మూటలు నెత్తిన పెట్టుకొచ్చినవాళ్ళు, ఇప్పుడు ఊట దగ్గరి మళ్ళు అమ్మనంటోంది. మాటకి మాట చెబుతుంది. ఒక్క వేసవి ఊరు మొహం తిప్పుకుంటే తనే దారికొస్తుంది."

"ఆవిడకి చిన్నపిల్లలున్నారు."

"మేం వాళ్ళని కొడతామా, తిడతామా?" లేచి టోపీ పెట్టుకున్నాడు. "పాత దారం పుచ్చింది. కొత్తది పేను, వాడి పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నావు, చేతనవుతుంది. పండగ సవ్యంగా జరిగితే తాళాలు నీ దగ్గరే ఉంటాయి. సంఘంతో నేను మాట్లాడతాను."

ఆయన వెళ్ళాక ఆమె గోడ మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కట్టుకున్నవాడు తిట్టాడంటే పడుండేది, తాగాడంటే పడుండేది. ఓట్మార్ రెండూ చెయ్యలేదు. కాళ్ళు చల్లబడతాయని చలికాలంలో ఆమె బూట్లలో ఎండుగడ్డి పెట్టేవాడు. ఆ చేతులతోనే ముడి వేశాడు. వేసి, ఆమె తండ్రిని దొంగ అని నమ్ముతుంటే పక్కన పడుకుని విన్నాడు. ఒక్కనాడు, ఒక్కమాట, కాదు అఫ్రా అనలేకపోయాడా?

బుధవారం పొద్దున ఊరేగింపుకి ముందు ఫాదర్ దగ్గరకి వెళ్ళింది. ఆయన పూజ ఉడుపులు వేసుకునే గదిలో కళ్ళద్దాలు వెతుక్కుంటున్నారు. మొన్నటి యుద్ధం తరవాత వచ్చిన మనిషి, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించలేడు. ఆమె చెప్పిందంతా విన్నారు. కళ్ళద్దాలు దొరికాక కూడా పెట్టుకోలేదు.

"అఫ్రా, ఓట్మార్ ఇప్పుడు ఇంకోచోట జవాబు చెప్పుకుంటున్నాడు. మనమెవరం?"

"ఓట్మార్ సంగతి కాదు ఫాదర్. రేపటి సంగతి."

"బిషప్‌గారికి ఈ బొమ్మలాట మొదటి నుంచీ గిట్టదు. ఇది బయటపడితే ఆ కన్నానికి పలక వేసి మేకులు కొట్టిస్తారు. ముసలివాళ్ళకి గుండె పగులుతుంది."

"మా నాన్న గుండె ఎప్పుడో పగిలింది."

"ఆయన ఆత్మకోసం ఒక పూజ చేస్తాను, ఊరికే చేస్తాను" అన్నారు ఫాదర్. కిటికీలోంచి బయటికి చూస్తూ, "పండగ కానివ్వమ్మా. తరవాత క్విరిన్‌తో నెమ్మదిగా మాట్లాడదాం" అన్నారు.

ఈ ఊళ్ళో నెమ్మదిగా మాట్లాడే మనుషులకి కొదవలేదు. ఆమె బకెట్ తీసుకుని బయటికి నడిచింది. ఉత్తరపు పొలాల్లో పిష్టెల్ ఆవిడ గట్టు మీద పిల్లలిద్దరినీ చెరోపక్క నిలబెట్టుకుని ఊరేగింపుకి ఎదురు చూస్తోంది. పిల్లల తలలు తడిపి దువ్వి ఉన్నాయి. ఫాదర్ నీళ్ళు చిలకరిస్తే ఆవిడ సిలువ గుర్తు వేసుకుని అఫ్రా చేతిలో ఒక పువ్వులకట్ట పెట్టింది. "తాడుకి కడతారట కదండీ, మాది కూడా కట్టండి" అంది.

ఇంటికొచ్చి అఫ్రా పెట్టె తెరిచింది. ఓట్మార్ పండగ మేజోళ్ళు అడుగున ఉన్నాయి. మోకాలి దాకా వచ్చేవి, ఎర్ర ఊలుతో తనే అల్లింది. మడమ దగ్గర ముడి కత్తిరించి కొస లాగింది. వరస వెంట వరస ఊడుతూ వచ్చింది. ఊడిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది కదా, దాన్ని నీళ్ళలో ముంచి, కొసకి చెప్పుల సుత్తి కట్టి దండెం మీద వేలాడదీసింది. అది సాగి ఆరేలోపు పని బల్ల ముందు కూర్చుని కొత్త దారం పేనింది. నాలుగు పోగులు, తారు, మైనం, తొడమీద అరచెయ్యి. బాగానే వచ్చింది. ఓట్మార్ చూస్తే వంక పెట్టేవాడు కాదు.

నల్లదారం కొసకి ఎర్ర ఊలు కలిపి చెప్పుల ముడి వేసింది. చెప్పుల ముడి జారదు.

సాయంత్రం వెలుగుండగానే అటక ఎక్కి తాడు కిందికి దింపింది. తాడు వెంటే దారం దింపింది. పై సగం నల్లదారం, కింది సగం ఎర్ర ఊలు. నల్లకొసని ఉత్తరపు దూలానికి కట్టింది. క్విరిన్ అక్కడ కూర్చుంటాడు. పండగనాడు కన్నం దగ్గర మనిషి ముఖం కనబడకూడదు, అందుకని పైవాళ్ళు వెనక్కి చీకట్లో కూర్చుని చేతులతోనే పని చేస్తారు. కిందికొచ్చి, ఆడవాళ్ళు తెచ్చిన పువ్వులన్నీ తాడుకి చుట్టింది. ఊలు పువ్వుల మాటున పడింది. పిష్టెల్ ఆవిడ కట్ట అన్నిటికంటే కింద కట్టింది.

బయటికొస్తూ స్తంభం మీద వేలి కణుపుతో కొట్టింది. ఎర్రచారల పాలరాయి స్తంభం. డొల్లగా మోగింది. చిన్నప్పుడు నాన్న ఎత్తుకుని ఇలాగే కొట్టించేవాడు. "రాయి కాదే తల్లీ, సున్నం. మన తాతలకి రాయి కొనే తాహతు లేదు, రాయిలా రంగేయించారు" అనేవాడు. అదీ అబద్ధమే. అది ఎవరి పొలమూ తినలేదు.

గురువారం మధ్యాహ్నానికి చర్చి నిండింది. ఆడవాళ్ళు ఎడమ, మగవాళ్ళు కుడి. బల్ల లేనివాళ్ళు ఆర్గన్ మేడ కింద నిలబడ్డారు. వెన్డెలిన్ అక్కడే ఉన్నాడు. నోట్‌బుర్గా పెద్దమ్మ ముందు వరసలో మెడ నొప్పెట్టకుండా తలగడ తెచ్చుకుని మరీ కూర్చుంది. మధ్యలో బల్ల మీద ప్రభువు నిలబడి ఉన్నాడు. ఫాదర్ సాంబ్రాణి వేశారు. ఒక్కో మెట్టు స్వరం పెంచుతూ మూడుసార్లు పాడి, మూడుసార్లు ప్రభువుని ఎత్తి చూపారు.

అఫ్రా ముందుకొచ్చింది. ఆడమనిషి కొక్కెం తగిలించడం ఆ ఊరు చూడడం అదే మొదలు. వెనక గుసగుసలు వినబడ్డాయి. కొక్కెం కడియానికి తగిలించింది. పువ్వుల్లోంచి ఊలు కొస తీసి, దీవిస్తున్న చేతి కింద కంటికి ముడి వేసింది. ఇల్లు పోతుందని ఆమెకి తెలుసు. వసంతంలో కొట్టిన సున్నం ఇంకా తెల్లగానే ఉందని ఒక్క క్షణం గుర్తొచ్చింది, అంతే.

చక్రం కిర్రుమంది. ప్రభువు లేచాడు.

మొదట ఎవరూ చూడలేదు. తాడు పైకి పోతుంటే పువ్వులు కదిలాయి, పువ్వుల్లోంచి ఊలు విడివడింది. తెల్లని అంగీ పక్కన ఎర్రని గీత. ఆర్గన్ మోగుతోంది, పాట నడుస్తోంది. ప్రభువు నెమ్మదిగా తిరుగుతూ దక్షిణం చూశాడు, తూర్పు చూశాడు. తలలు ఒక్కొక్కటే ఆ గీత వెంట పైకి, మళ్ళీ కిందికి కదిలాయి. ఎడమవైపు పాట సన్నగిల్లింది. కుడివైపు ఆగిపోయింది. ఆర్గన్ ఒక్కటే ఇంకాసేపు మోగి, అదీ ఆగింది.

పైన చీకట్లో క్విరిన్ దారం చేతికి చుట్టుకుంటూ కూర్చుని ఉంటాడు. నల్లదారం అయిపోయి మెత్తని ఊలు వేళ్ళకి తగిలినప్పుడు ఏమనుకున్నాడో ఎవరూ చూడలేదు. కింద నుంచి కనబడింది ఇది: ప్రభువు సగం ఎత్తులో ఉండగా ఆ ఎర్ర గీత ఒక్కసారి బిగిసింది. ప్రభువు చెయ్యి ఎవరో పట్టుకుని ఈడ్చినట్టు ఉత్తరానికి తిరిగాడు. అలా తిరిగి ఆగాడు. మూడువందల కళ్ళు చూశాయి.

తరవాత ఊలు ప్రభువు చేతి దగ్గర పుటుక్కున తెగి, గీత వదులైంది. పైనున్న చేతులు వదిలేసిన ఎర్ర ఊలూ దాని వెనక నల్లదారమూ జారి, కొవ్వొత్తుల మీదుగా ఫాదర్ భుజం మీద పడ్డాయి. ఆయన తీసెయ్యలేదు. విడిచిన ప్రభువు గిర్రున తిరిగాడు, ఇంకోవైపు తిరిగాడు, తిరుగుతూనే కన్నంలోకి పోయాడు. చెక్కమూత పడింది. ఆఖరున ఏ దిక్కు చూశాడో ఒక్కరూ చెప్పలేకపోయారు. అందరూ దారాన్నే చూస్తున్నారు.

ఎవరూ అరవలేదు. ఫాదర్ దీవెన రెండుసార్లు చెప్పారు. జనం లేచి మామూలుగా బయటికి నడిచారు. పిష్టెల్ ఆవిడ పిల్లల చేతులు పట్టుకుని అందరితోపాటే వెళ్ళింది. ఆవిడకి ఏ ముప్పు తప్పిందో ఆవిడకి తెలియదు.

నోట్‌బుర్గా పెద్దమ్మ తలగడ చంకన పెట్టుకుని అఫ్రా దగ్గర ఆగింది.

"నల్లదారమే నయం కదే. ఎవరికీ కనబడేది కాదు."

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలియకేం. ఏళ్ళ తరబడి మెడలు విరిగేలా పైకి చూస్తున్నాం, మాకు కళ్ళు లేవా? తిలా పాపం తలా పిడికెడు. కనబడనంతకాలం ప్రభువే తిరిగాడనుకున్నాం. ఇప్పుడెలా అనుకోమంటావు?" పెద్దమ్మ గొంతులో నిజంగానే కోపం ఉంది. తన వస్తువేదో అఫ్రా పగలగొట్టినట్టు చూసి, కర్ర టకటకలాడిస్తూ పోయింది.

చర్చి ఖాళీ అయింది. క్విరిన్ అటక మెట్లు దిగి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆయన పాలేరు మాత్రం లోపలికొచ్చి, నేల చూస్తూ, "అయ్యగారు తాళాలు అడుగుతున్నారమ్మా" అన్నాడు. అఫ్రా నడుముకున్న తాళాలగుత్తి విప్పి ఇచ్చేసింది.

ఆర్గన్ మేడ కింద వెన్డెలిన్ ఇంకా నిలబడే ఉన్నాడు. అఫ్రా అతని వైపు నడిచింది.

"నీకూ తెలుసా?"

"తెలుసు."

"నాన్నకి?"

"నాన్నే ముందు చూశాడు. ఆ మరుసటేడు వంతు ప్రకారం ప్రభువుని బల్ల మీదికి ఎత్తిన నలుగురిలో ఆయనొకడు. వేలికి గుచ్చుకుందట."

అఫ్రా తన వేలివైపు చూసుకుంది. "ఎందుకు ఊరుకున్నాడురా?"

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది అనేవాడు. చెబితే ఓట్మార్ కొలువు పోతుంది, నువ్వు మళ్ళీ ఆ చెమ్మగదికి పోతావు. పొలం ఎలాగూ పోయింది, పిల్ల ఇల్లు కూడా ఎందుకు అన్నాడు."

"నేను ఆయన గడప తొక్కలేదు. రాయి జరిపాడనుకున్నాను."

"ఆయనకి తెలుసక్కా." వెన్డెలిన్ టోపీ చేతుల్లో తిప్పుతూ చెప్పాడు. "నేను కోపంతో వచ్చి నీకు చెప్పేస్తానన్నాను. ఆపాడు. అనుకోనీ, అలా అనుకుంటేనే దాని కాపురం సవ్యంగా ఉంటుంది, అన్నాడు. ఆదివారం పూజ అయ్యాక వాకిట్లో బెంచీ మీద కూర్చునేవాడు. నువ్వు ఆ దారినే కదా ఇంటికి పోయేది."

అవును, ఆ దారినే పోయేది. తల వంచుకుని పోయేది. బెంచీ మీద మనిషి ఉన్నాడని తెలుసు, బూట్లు కనబడేవి. ఆ బూట్లు ఓట్మార్ కుట్టినవే.

ఆమెకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది. వెళ్ళి బలిపీఠం ముందు నేల మీద చిక్కుపడి ఉన్న ఊలు ఏరింది. మంచి ఊలు, పారెయ్యడానికి చేతులు రాలేదు. వెన్డెలిన్ వచ్చి, ఆమె అడగకుండానే రెండు చేతులూ ముందుకి చాపాడు. చిన్నప్పుడు అమ్మ ఊలు చుట్టేటప్పుడు అలాగే చాపేవాడు. ఆమె నల్లదారం ముడి విప్పి పక్కన పడేసి, ఎర్ర ఊలు అతని చేతులకి చుట్టడం మొదలుపెట్టింది.

బయట ఎండ కాస్తూనే ఉంది. ఏ దిక్కునా మబ్బు లేదు.

"నా గది కూడా చెమ్మేనక్కా" అన్నాడు వెన్డెలిన్. "వెన్నశాల మీద కదా. గోడలు ఎండవు."

"ఉండనీరా" అంది అఫ్రా. ఊలు చిక్కుపడిన చోట ఆగి, విప్పి, మళ్ళీ చుట్టింది.